పదకొండేళ్లు తొక్కి అమ్మేసిన గేర్ల సైకిల్: ఒక చైన్ కథ

గేర్లు ఎన్ని, టైరు సైజు ఎంత, డిస్క్ బ్రేకులా కాదా అన్నవి ఏ షాపువాడైనా చెప్తాడు. నేను చైన్ గురించి రాస్తాను. 2014లో 12,500 పెట్టి కొన్న మౌంటెన్ బైక్‌ను మొన్న దసరాకు ముందు అమ్మేశాను. పదకొండేళ్లలో నా ఆదివారాలు సగం ఒక పాత పెరుగు డబ్బా, అరిగిపోయిన టూత్‌బ్రష్ పట్టుకుని ఆ చైన్ ముందు కూర్చోవడానికే సరిపోయాయి. డబ్బాలో మొదట్లో కిరోసిన్ ఉండేది. అది దొరకడం మానేశాక డీజిల్.

మాది బొగ్గు గనుల ఊరు, గోదావరిఖని. నేను పాఠాలు చెప్పే స్కూలు ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. అందులో నాలుగు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. కొన్న కొత్తలో చైన్ నల్లబడటానికి మూడు వారాలు పట్టేది. తర్వాత ఆ దారిన లారీలు పెరిగాయి. సోమవారం తుడిచిన చైన్‌ను గురువారం ముట్టుకుంటే వేలికి కాటుకే. లోడు మీద టార్పాలిన్ కప్పాలని రూలు ఉంది. కప్పుతారు కూడా, సగం దాకా. మిగతా సగం గాలికి లేచి రోడ్డంతా పరుచుకుంటుంది. చైన్ మీదే ఇంత పడితే ఊపిరితిత్తుల్లోకి ఎంత పోతోంది అని మొదట అడిగింది మా ఆవిడ. సైన్స్ మాస్టారిని నేను, నాకు తట్టలేదు.

అసలు దెబ్బ 2019 జులైలో తగిలింది. దుమ్ము లేవకుండా ఆ రోడ్డు మీద ట్యాంకర్‌తో నీళ్లు కొడతారు. మంచి పనే. కానీ సైకిల్‌కు పొడి బొగ్గు కంటే తడి బొగ్గు చేటు. నూనెతో కలిసి సానరాయి పిండిలా తయారవుతుంది. ఆ రోజు పైనుంచి వాన కూడా పడి ఆగింది. స్కూలు నుంచి వస్తుంటే, సరిగ్గా ఎత్తు ఎక్కుతున్న చోట పెడల్ ఒక్కసారిగా తేలిపోయింది. చైన్ పడిందనుకుని దిగి చూస్తే చైన్ దాని చోటులోనే ఉంది. పెడల్ తిప్పితే చైన్ తిరుగుతోంది, వెనక పళ్లచక్రం తిరుగుతోంది, చక్రం మాత్రం నాకేం సంబంధం అన్నట్టు నిలబడి ఉంది. చీకటి పడుతోంది. ప్రతి లారీ వెళ్లేటప్పుడు ప్యాంటు మీద ఒక నల్ల కోటింగ్. రెండు కిలోమీటర్లు నెట్టుకొచ్చాక, ఫస్ట్ షిఫ్టు దిగి ఎక్కడో ఆగి వస్తున్న ఒకాయన బండి ఆపి, "ఎక్కుండ్రి సారూ, నేను నూకుత" అన్నాడు. నేను సైకిల్ ఎక్కి కూర్చుంటే, తన బండి మీద నుంచి ఒక కాలు నా క్యారియర్‌కు ఆనించి మెకానిక్ షాపు దాకా తోసుకొచ్చాడు.

ముసలి మెకానిక్ ఆ వెనక పళ్లచక్రం, అంటే ఫ్రీవీల్ విప్పి పళ్లెంలో పెట్టి కిరోసిన్ పోశాడు. లోపల స్ప్రింగు మీద లేచి పళ్లను పట్టుకోవాల్సిన చిన్న ముక్కలు నల్లటి ముద్దలో కూరుకుపోయి, అణిగినవి అణిగినట్టే ఉన్నాయి. ఆయన పుల్లతో ఆ ముద్దను తీసి నాకు చూపించి, "గిది ఫ్రీవీల్ గాదు సార్, బొగ్గుబాయి" అన్నాడు. ఆ తర్వాత మరో రెండు ఫ్రీవీళ్లు మార్చాను. చైన్లు ఎన్నో లెక్క పెట్టలేదు.

ముందు చక్రం ఫోర్కులో కుదుపులు తగ్గించే స్ప్రింగు సస్పెన్షన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2015లో స్టాఫ్‌రూమ్‌లో దాన్ని తెగ పొగిడాను, నా మాట విని ఇద్దరు అలాంటివే కొన్నారు. అప్పుడు అబద్ధం చెప్పలేదు, కాస్త ఎక్కువ చెప్పాను. మూడో ఏటికి రబ్బరు సీళ్లు చినిగి దుమ్ము లోపలికి పోయింది. అప్పటి నుంచి అది స్ప్రింగు కాదు, అదనపు బరువు.

మా నాన్న ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగారు. ఆయన నల్ల సైకిల్‌కు చైన్ మొత్తం మూసే రేకు కేసు ఉండేది. ఆ చైన్‌ను ఎవరైనా కడగడం నేను చూడలేదు. బొగ్గు ఊళ్లో ఏ సైకిల్ కొనాలో ఆ తరానికి తెలుసు. నేను గేర్ల మోజులో పడ్డాను. ఆ బొగ్గు జీతంతోనే చదువుకున్నవాణ్ణి కాబట్టి దాన్ని తిట్టాలన్నా నోరు అంత తేలిగ్గా రాదు.

ఇప్పుడు మోకాలు నొప్పి. ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. "పొగ లేదు కదా" అని అందరూ మెచ్చుకుంటారు. ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది. దేశంలో కరెంటు ముప్పాతిక దాకా బొగ్గుదే. ఆ బొగ్గులో నూటికి 30 నుంచి 40 పాళ్లు బూడిద. రామగుండం రిజర్వాయర్ మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి, పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను. పక్కనున్న పాత థర్మల్ ప్లాంటు 2,600 మెగావాట్లు. ఒక పిల్లవాడు వెంటనే లెక్కేసి, "ఇరవై ఆరో వంతు సార్" అన్నాడు.

సైకిల్‌ను జగిత్యాల నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాడు తీసుకున్నాడు. నేను 3,500 అన్నాను, "ఫైనల్ ఎంత సార్" అని 2,800కి దింపాడు. అమ్మే ముందు చైన్ మెరిసేలా కడిగాను. తర్వాత అది మోసమేమో అనిపించి, ఫ్రీవీల్ సంగతి, ఫోర్కు సంగతి చెప్పేశాను. డబ్బా, బ్రష్ ఊరికే ఇచ్చాను.

ఇలాంటిది కొనొచ్చా అంటే, మీ ఊరిని బట్టి ఉంటుంది. లారీలు తిరగని రోడ్డయితే నేనే మళ్లీ కొంటాను. రామగిరి ఖిల్లా వైపు ఎత్తుల్లో అన్నిటికంటే చిన్న గేరు ఇచ్చిన సుఖం స్కూటర్‌లో లేదు. మా దారి లాంటిదయితే చైన్‌కు కేసున్న మామూలు సైకిల్ చూడండి. నేను తీరిక ఉన్న మాస్టారిని కాబట్టి వారం వారం కడిగాను. షిఫ్టులు చేసేవాళ్లకు అది కుదరదు.

నెల తర్వాత కుర్రాడు ఫోన్ చేశాడు. చైన్ ఇంకా తెల్లగానే ఉందట, డబ్బా ముట్టలేదట. స్టాండు మాత్రం లూజయింది, మీకు ముందే తెలుసా సార్ అని అడిగాడు. తెలుసు.