పాడేరు, అరకు కొండల్లో ట్రెక్ ప్యాకేజీ బుక్ చేసేముందు ఇది చదవండి

అరకు, పాడేరు వైపు నాలుగు రోజుల ట్రెక్, రాత్రుళ్ళు గిరిజనుల ఇళ్ళలో బస అన్న ప్రకటన చూసి డబ్బు కట్టబోతున్నవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఆగండి. పోయిన నవంబరులో నేను, మా తమ్ముడు తలకి 13,500 రూపాయలు కట్టి అలాంటి దానికే వెళ్ళొచ్చాం. మా డబ్బు పోయిన సంగతి ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. మమ్మల్ని చూపించి ఆ కొండ ఊళ్ళవాళ్ళ కష్టాన్ని కూడా మింగేశారు. అది తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

మాది విజయనగరం, ఉద్యోగం హైదరాబాదులో. చిన్నప్పుడు రెండుమూడు సార్లు అరకు వెళ్ళాం కానీ ఘాట్ రోడ్డు దిగి లోపలి ఊళ్ళకి ఎప్పుడూ పోలేదు. వలిసె పూలు పూసే రోజులు, కాఫీ పళ్ళు కోసే రోజులు, వంజంగి కొండ మీద పొద్దున్నే మబ్బులు. ప్రకటనలో ఇవన్నీ చూసేసరికి ఇద్దరికీ ఆశ పుట్టింది. గుంపులో 12 మందికి మించరు, గైడు ఆ ప్రాంతం మనిషే, ఫస్ట్ ఎయిడ్ తెలిసిన మనిషి వెంట ఉంటాడు, కట్టిన డబ్బులో పెద్ద వాటా గిరిజన కుటుంబాలకే వెళుతుంది అని రాసుకున్నారు. ఆ చివరి మాట చూసే నేను డబ్బు కట్టాను. కట్టింది ఒక వ్యక్తి ఫోన్‌పే నంబరుకి. రసీదు అడిగితే ‘ట్రిప్ అయ్యాక పంపిస్తాం మేడమ్’ అన్నారు. అక్కడే ఆగి ఉండాల్సింది.

విశాఖలో బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడితే 23 మందిమి. గైడుగా వచ్చిన కుర్రాడిది హైదరాబాదు. మర్యాద తెలిసిన పిల్లాడే, అతని మీద నాకు కోపం లేదు. కానీ ఆ దారిలో అంతకుముందు ఒక్కసారే నడిచాడట, ఫోన్‌లో మ్యాపు చూసుకుంటూ నడిపించాడు. ఘాట్ దాటి లోపలికి వెళ్ళాక సిగ్నల్ పోయింది. మధ్యాహ్నం మూడింటికి చేరాల్సిన ఊరికి కాఫీ తోటల్లో దారి తప్పి తిరిగి తిరిగి చీకటి పడ్డాక చేరాం. అది కూడా తోటలో పని ముగించుకుని వెళుతున్న ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, పోనీలే పాపం అని వెంట తీసుకెళ్ళబట్టి.

ఊరి పేరు రాయను. వాళ్ళ తప్పేమీ లేదు.

మమ్మల్ని మూడిళ్ళకి పంచారు. మా ఇంట్లో ఎనిమిది మందిమి. ఆ ఇంటామె గుమ్మంలో నిలబడి మమ్మల్ని లెక్కపెట్టింది. ఒకసారి పెట్టి, మళ్ళీ పెట్టింది. ఇంతమంది వస్తున్నారని ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆ రోజు ఎవరైనా వస్తున్నారని కూడా చెప్పలేదు. గైడు ఏదో సర్దిచెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి రేషన్ బియ్యం మూట విప్పి గిన్నెతో కొలవడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఐదో గిన్నె పోశాక ఆగి, మూట పైకెత్తి బరువు చూసుకుని, ఇంకో రెండు గిన్నెలు పోసింది. పెరట్లో ఉన్న కోడిని పట్టుకురమ్మని కొడుకుని పంపింది. పిల్లాడికి పదేళ్ళుంటాయి, ఆ కోడి వాడు పెంచుకుంటున్నది. వాడి మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

నవంబరు రాత్రి ఆ కొండల్లో చలి ఎలా ఉంటుందో లంబసింగి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ‘బస, పరుపు, దుప్పటి మావే, బరువు మోసుకురావద్దు’ అని కంపెనీ మెసేజ్ పెట్టింది కాబట్టి మా దగ్గర పలచటి శాలువాలు తప్ప ఏమీ లేవు. ఇంటామె తన దగ్గరున్న నాలుగు దుప్పట్లూ మాకే ఇచ్చేసింది. రాత్రి రెండింటికి లేచి చూస్తే పొయ్యి పక్కన పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని గోనెసంచులు కప్పుకుని పడుకుని ఉంది. నేను దుప్పటి తీసుకెళ్ళి కప్పబోతే వద్దని చేత్తో నెట్టేసింది. పిల్లలకి మాత్రం కప్పనిచ్చింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారాక చోడి (రాగి) అంబలి తాగుతూ అడిగాను, ‘అమ్మా, కంపెనీవాళ్ళు మీకు ఎంత ఇస్తారు?’ అని. ఆమె అర్థం కానట్టు చూసింది. ‘ఏ కంపెనీ అమ్మా? కిందటి పాలి వచ్చినోళ్ళు ఐదొందలు సేతిలో ఎట్టి ఎల్లిపోనారు. ఈ పాలి ఇంకా ఏటీ ఇవ్వనేదు’ అంది. నేను చూస్తుండగానే గైడు ఒక ఐదువందల నోటు తెచ్చి ఇచ్చాడు. మూడిళ్ళకీ అంతే. మేం 23 మందిమి కట్టింది 3,10,500 రూపాయలు. మొదటి రాత్రికి ఆ ఊరికి దక్కింది పదిహేనువందలు. ఎనిమిది మందికి రెండు పూటల తిండి, ఒక కోడి, కట్టెలు, పక్కలు, అన్నీ ఆ ఐదువందల్లోనే.

మాలో కొందరం ఉండబట్టలేక తలా కొంత వేసుకుని ఆ మూడిళ్ళకీ ఇచ్చాం. ఇంటామె తీసుకోవడానికి ఎంత ఇబ్బంది పడిందో!

రెండో రాత్రి ఇంకో ఊళ్ళో ‘కల్చరల్ ప్రోగ్రామ్’ అన్నారు. ధింసా మీకు తెలుసు కదా, ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు పెనవేసుకుని వరసగా, ఒకే అడుగు వేస్తూ ఆడతారు. పండగలకి, పెళ్ళిళ్ళకి వాళ్ళు వాళ్ళకోసం ఆడుకునే ఆట. రోజంతా తోటల్లో కాఫీ పళ్ళు కోసి వచ్చిన ఆడవాళ్ళని పిలిపించి, మా ఫోన్లకోసం రాత్రి తొమ్మిదింటికి ఆడించారు. ముందువరసలో ఉన్న ఒకావిడ వేళ్ళు కాఫీ మరకలతో నల్లగా ఉన్నాయి, అన్నం కూడా తినలేదట. వాళ్ళకి డబ్బు ఇచ్చారా అని అడిగితే గైడు ‘అది వాళ్ళ ట్రెడిషన్ మేడమ్’ అన్నాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

మూడో రోజు అసలు ప్రమాదం జరిగింది. గెడ్డ (వాగు) దాటుతూ మాతో వచ్చిన ఒక పెద్దాయన, 58 ఏళ్ళు, పాచి పట్టిన రాయి మీద జారిపడ్డారు. మడమ దగ్గర కాలు చూస్తుండగానే వాచిపోయింది. ఫస్ట్ ఎయిడ్ సంచి తెరిస్తే ఒక కట్టు గుడ్డ, గడువు దాటిన నొప్పి స్ప్రే. శిక్షణ ఉన్న మనిషి ఎవరూ లేరు. సిగ్నల్ కోసం మా తమ్ముడు, గైడు కొండెక్కి కంపెనీకి ఫోన్ చేస్తే ‘రేపు ఎలాగూ రోడ్డు పాయింట్‌కి వస్తారుగా, అప్పుడు చూద్దాం’ అన్నారు.

కబురు తెలిసి కింది ఊరి కుర్రాళ్ళు ఆరుగురు వచ్చారు. ఒక కర్ర, ఒక దుప్పటి, తాడు తెచ్చి డోలీ కట్టారు. మార్చి మార్చి భుజం వేసుకుంటూ, గెడ్డ ఒకటి దాటి, సుమారు ఐదు కిలోమీటర్లు మోసి తారురోడ్డుకి చేర్చారు. నిండు గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చే వార్తలు మనం టీవీలో చూసి అయ్యో అనుకుంటాం. వాళ్ళకి అది ఎంత అలవాటైన పనో, ఎక్కడ భుజం మార్చుకోవాలో, ఎక్కడ డోలీ దించాలో చూసి నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీదికొచ్చాక 108లో పాడేరు ఆసుపత్రికి వెళ్ళాం. ఎముక చిట్లింది. ఆ రోజంతా పని మానుకున్న ఆ కుర్రాళ్ళకి కంపెనీ ఇచ్చింది సున్నా.

ఇంకో విషయం, ఇది మాత్రం వెళ్ళొచ్చినవాళ్ళూ వెళ్ళబోయేవాళ్ళూ తప్పకుండా గుర్తుపెట్టుకోండి. అది మలేరియా ఉన్న ప్రాంతం. మెదడుకి ఎక్కే ఫాల్సిపేరం రకం అక్కడ ఉంది. దోమతెర గురించి, దోమల మందు గురించి కంపెనీ ఒక్క ముక్క చెప్పలేదు. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు, ఇంచుమించు ఒకటి రెండు వారాలు పడుతుంది. అప్పటికి మనం ఇంట్లో ఉంటాం, ఏసీ పడలేదేమో అనుకుంటాం. మా గుంపులో ఒకబ్బాయికి 11వ రోజు చలిజ్వరం వస్తే వైరల్ అని మూడు రోజులు మాత్రలు మింగాడు. ఏజెన్సీకి, అంటే ఆ గిరిజన ప్రాంతానికి, వెళ్ళొచ్చానని నాలుగో రోజు చెప్పాడు, అప్పుడు రక్తపరీక్ష చేసి మలేరియా అని తేల్చారు. వెళ్ళొచ్చిన నెలలో జ్వరం వస్తే మొదటి మాటగా డాక్టరుకి ఆ సంగతే చెప్పండి.

తిరిగొచ్చాక కంపెనీకి అన్నీ రాసి పంపాను. అడ్వెంచర్‌లో ఇవన్నీ మామూలే అన్నారు, తర్వాతి ట్రిప్‌కి రెండువేలు తగ్గిస్తామన్నారు. వాళ్ళ పేజీలో నేను పెట్టిన కామెంటు గంటలో మాయం. ఇప్పుడు వినియోగదారుల కమిషన్‌కి వెళుతున్నాం. ముందు 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మనం కంపెనీకి కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. మాకు పనికొచ్చింది ఏమిటంటే, ప్రకటన స్క్రీన్‌షాట్ మా తమ్ముడు ముందే తీసి ఉంచాడు. వాళ్ళు ఆ తర్వాత అందులో ‘12 మంది’ అన్న మాట తీసేశారు.

ఆ ఊళ్ళకి వెళ్ళొద్దని నేను అనను. అంత మంచి మనుషుల్ని, పొద్దున్నే పొగమంచులోంచి పచ్చగా తేలే వలిసె చేలని చూడకపోతే నష్టం మనకే. కానీ డబ్బు కట్టేముందు మీరు ఉండబోయే ఇంటివాళ్ళ ఫోన్ నంబరు అడగండి. వాళ్ళకి ఫోన్ లేకపోతే ఆ ఊళ్ళో ఇంకెవరిదైనా అడగండి. వాళ్ళతో మీరే మాట్లాడి, మేం ఫలానా రోజు ఇంతమందిమి వస్తున్నాం, మీకు తెలుసా, ఎంత ఇస్తామన్నారు అని కనుక్కోండి. ఈ ఒక్క ఫోన్‌తో సగం నిజం బయటపడుతుంది. నంబరు ఇవ్వడానికి నసిగితే అక్కడితో వదిలేయండి. గైడుది ఏ ఊరో అడగండి, అక్కడి భాషలు కువి గానీ ఆదివాసీ ఒరియా గానీ వచ్చా అని అడగండి. చాలా ఊళ్ళలో ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. ‘అక్కడ మా సొంత క్యాంపు స్థలం ఉంది’ అని మైదాన ప్రాంతపు కంపెనీ చెబితే ఇంకాస్త గట్టిగా అడగండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి వెళ్ళకుండా 1/70 చట్టం ఉంది, ఆ స్థలం ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు చెప్పగలగాలి.

డోలీ మోసిన కుర్రాళ్ళలో ఒకతను నా నంబరు రాసుకున్నాడు. ఊరి పైన బండ ఎక్కితే సిగ్నల్ వస్తుందట. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. వచ్చే శనివారం ఇంకో 18 మంది వస్తున్నారని పక్క ఊరివాళ్ళ ద్వారా తెలిసిందట, కంపెనీ నుంచి మాత్రం ఇంతవరకూ కబురు లేదు. ‘అక్కా, ఆళ్ళకి బియ్యం ఎక్కడ్నించి తేవాలి?’ అని అడిగాడు. ఈ శనివారం ఆ వైపు బయల్దేరేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ రోజే కంపెనీకి ఫోన్ చేసి ఆ ఇళ్ళకి సరుకులు, అడ్వాన్సు పంపారా లేదా అని నిలదీయండి. దుప్పట్లు మీవి మీరు పట్టుకెళ్ళండి.