తిమింగలం పాట: మనం కట్టి పాడాలా, దాని గొంతే వినిపించాలా?

పిల్లలకు తిమింగలాల గురించి పాటతో చెప్పాలంటే రెండు దారులున్నాయి. మనమే నాలుగు చరణాలు కట్టి పాడించొచ్చు, లేదా తిమింగలం పాడిందే వినిపించొచ్చు.

మనం కట్టిన పాటలో విషయం ఇమిడిపోతుంది. "పైకొస్తుంది, ఊపిరి పీలుస్తుంది, బుస్సుమంటుంది" అని చప్పట్లు కొడుతూ పాడితే, అది చేప కాదన్న సంగతి పిల్లలకు గుర్తుండిపోతుంది. మూడు నాలుగేళ్ల వాళ్లకు ఇదే తేలిక.

అయినా నా మొగ్గు రెండో దానివైపే. లైటు తగ్గించి హంప్‌బ్యాక్ తిమింగలం రికార్డింగ్ పెట్టండి. ముందు తలుపు కిర్రుమన్నట్టు సన్నగా లేస్తుంది, తర్వాత లోతైన మూలుగులా దిగిపోతుంది. గోల చేసే పిల్లలు కూడా చెవులు రిక్కిస్తారు. అప్పుడు చెప్పాలి: ఇలా పాడేవి మగవే. ఒక్కో పాట చాలాసార్లు 10 నుంచి 20 నిమిషాలు సాగుతుంది. ఒక ప్రాంతంలోవన్నీ దాదాపు ఒకే పాట పాడుతూ, కాలం గడిచేకొద్దీ దాన్ని మార్చుకుంటాయి. ఇది నిజంగా పాటేనని పరిశోధకులు రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో ఒక సైన్స్ పత్రికలో రాశారు. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన, భూమి మీది శబ్దాలు నింపిన బంగారు రికార్డులోనూ ఈ గొంతు ఉంది!

డాల్ఫిన్ల విషయంలో మాత్రం రెండు దారులూ కలిసిపోతాయి. బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ఒక్కొక్కదానికీ పేరులాంటి సొంత ఈల ఉంటుంది. ముందు అది వినిపించి, ప్రతి పిల్లనూ తనదైన ఈల కట్టుకోమనండి. ఒకరు పలికితే మిగతావాళ్లు అదే ఈలతో పిలవాలి. ఈల వేయడం రాకపోతే "ఊఊ" అన్నా చాలు.