ఫెయిరీ గార్డెన్ నేల మీదనా, గోలెంలనా? మన దిక్కు ఎండకు ఏది మేలు

నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఇంటెనక ఫెయిరీ గార్డెన్, అంటే చిన్న చిన్న ఇండ్లు, బాటలు, బొమ్మలు, మొక్కలతోని చేసే బుల్లి తోట, పెడ్దామనుకునేటోళ్ళు ముందుగాల బొమ్మల కోసం వెతుకుతరు, నన్నడిగితే బొమ్మలు ఆఖరికి, జాగ ముందు తేల్చుకోవాలె. వీడియోలల్ల మనకు కనవడే తోటలు చాలావరకు చల్లటి దేశాలయి, అక్కడ గాలిల తేమ ఉంటది, రాళ్ళ మీద నాచు దానంతటదే పరుచుకుంటది, మన దగ్గర మే నెలల ఎండ 44 డిగ్రీలు దాటుతది, వడగాలి కొడ్తది, ఆ నాచు తెచ్చి పరిస్తే పొడిపొడి అయి లేసిపోతది. గందుకే అదే తోట అట్లనే కావాలంటే కాదు, కానీ మన తీరుగ చేస్కుంటే మాత్రం మస్తు అందంగ వస్తది, పిల్లలు గంటలు గంటలు దాని ముంగటనే కూసుంటరు.

ఇగ అసలు ముచ్చట, నేల మీద పెట్టాలెనా గోలెంల పెట్టాలెనా.

నేల మీద పెడితే పెద్ద లాభం ఏందంటే వేర్లు కిందికి పోతయి, ఒక పూట నీళ్ళు మర్చిపోయినా మొక్క చావది. జాగ గూడ ఎక్కువ దొరుకుతది, వంకర టింకర బాటలు, చిన్న వంతెన, ఒక గుట్ట, గుట్ట మీద గుడిసె, అన్నీ పడ్తయి. మనకు ఎక్కువగ ఉండేది ఎర్ర చెల్క, అది నీళ్ళు నిలవనియ్యది కాబట్టి మంచిదే, నల్లరేగడి ఉన్నోళ్ళకు మాత్రం కష్టం, వానకు ఉబ్బుతది ఎండకు పగుళ్ళిస్తది, పెట్టిన ఇల్లు ఒక దిక్కు ఒరుగుతది. అయితే నేల మీద నాకు అన్నింటికంటే భయం తేళ్ళు, జెర్రులు. చిన్న చిన్న రాళ్ళు, పెంకులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింద సల్లగ, చీకటిగ సందులు ఏర్పడ్తయి, వాటికి అంతకంటే మంచి జాగ ఏముంటది, పిల్లలేమో ఆ సందులల్లనే చెయ్యి పెట్టి బొమ్మ దాస్తరు. నేల మీదనే కావాలనుకుంటే రాళ్ళను సందు లేకుండ మట్టిల సగం దాకా పాతాలె, లేకుంటే సున్నమో సిమెంటో పెట్టి అతికించాలె, వారానికోసారి పెద్దోళ్ళు కట్టెతోని కదిలించి చూడాలె. ఇది చెయ్యలేనోళ్ళు నేల జోలికి పోకుండ్రి, ఇంట్ల చిన్న పిల్లలుంటే ఇంకా వద్దు. కోళ్ళు ఉన్న ఇల్లయితే ఇగ చెప్పేదేముంది, పొద్దుగూకే వరకు అంతా గీకి పెడ్తయి.

గోలెం అయితే కథ వేరే. మట్టి గోలెం గాని వెడల్పు బేసిన్ గాని, మూతి అడుగున్నర, లోతు ఏడెనిమిది ఇంచులు ఉంటే సాలు. కింద బొక్క తప్పకుండ ఉండాలె, బొక్క మీద పెంకు ముక్క పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, బాగ మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలె. దీని గొప్ప ఏందంటే రెండు ఇటుకల మీద ఎత్తుకు పెట్టొచ్చు, ఎండ ముదిరితే ఇద్దరు పట్టుకుని నీడకు జరపొచ్చు, కిరాయి ఇంట్ల ఉన్నోళ్ళు ఇల్లు మారినప్పుడు వెంట తీస్కపోవచ్చు. కష్టం ఏందంటే మట్టి గోలెం గోడల నుంచి గూడ తేమ పోతది, దాంతోని వేర్లు సల్లగుంటయి గాని మట్టి తొందరగ ఆరుతది, ఎండకాలంల పొద్దుగాల ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి నీళ్ళు పొయ్యాలె. ప్లాస్టిక్ టబ్బుల మట్టి అంత జల్ది ఆరది, కానీ ఎండకు రంగు పోయి పెళుసుగ అయి అంచులు ఇరుగుతయి, లోపట వేర్లు ఉడుకుతయి. పాత టైర్లు కొందరు పెడ్తరు, నాకు నచ్చదు, నల్ల రబ్బరు మస్తు కాలుతది, లోపటి మడతల నీళ్ళు నిలిచి దోమలు.

ఇంట్ల పక్కకు పగిలిన గోలెం ఉంటే అసలు పారెయ్యకుండ్రి. పగిలిన దిక్కు ముందుకు తిప్పి, ఆ పెంకులనే ఒకదాని మీద ఒకటి మట్టిల గుచ్చుకుంట పోతే మెట్లు తయారైతయి, పైన చిన్న ఇల్లు పెడితే కొండ మీది గుడి తీరుగ కనవడ్తది. కొన్న కుండీ ఎంత మంచిదైనా ఆ అందం రాదు. పెంకు అంచులు మాత్రం రాయికి రాకి నున్నగ చెయ్యాలె, పిల్లల ఏళ్ళు తెగుతయి.

నా మాటైతే గోలెమే మేలు, చెట్టు నీడల పెట్టిన గోలెం. సొంత ఇల్లు, చెల్క నేల, చూసుకునేటోళ్ళు ఉంటే రెండో ఏడు దాని చుట్టు నేల మీదికి పెంచుకోవచ్చు.

ఏ చెట్టు కింద అనేది గూడ చూస్కోవాలె. సపోట, మామిడి ఏడాదంతా ఆకులతోని ఉంటయి, నీడ మంచిగుంటది గాని మరీ చిక్కటి నీడల పూలు పుయ్యవు, చెట్టు అంచుకు పెట్టాలె. యాప చెట్టు మంచిదే, కాకపోతే ఎండకాలం మొదట్ల ఆకు రాలుస్తది, కొన్ని దినాలు రోజూ ఊడ్వాలె, చిన్న తోటల ఆ ఆకులు ఏరుడు ఓపికతోని పని. మునగ చెట్టు కింద మాత్రం వద్దే వద్దు, గొంగళి పురుగులు పడ్తయి, పిల్లల ఒంటికి తాకితే దద్దుర్లు, దురద. చెట్టే లేకుంటే ఇంటికి తూర్పు దిక్కు గోడ పక్కకు పెట్టుండ్రి, పొద్దటి ఎండ తగులుతది, పగటాల ఇంటి నీడ పడ్తది, నిజానికి చిన్న మొక్కలకు కావాల్సింది గదే.

మొక్కలల్ల నాచుకు బదులు ఏం పెట్టాలె అంటే, పొద్దటి ఎండ తగిలే దిక్కు టేబుల్ రోజ్, ఎండ ఉంటేనే పువ్వు ఇచ్చుకుంటది, నీడకు పెడితే ఉట్టి ఆకే. పెద్ద చెట్టు లెక్క కనవడాలంటే ఎలిఫెంట్ బుష్, కాండం ముదిరి చిన్న మర్రి తీరుగ అయితది, కత్తిరిస్తే చెప్పినట్టు వింటది. నీడ దిక్కు వామాకు, పొట్టి స్నేక్ ప్లాంట్, తేమ ఉండే మూలకు సరస్వతి ఆకు, దాని గుండ్రటి ఆకు బొమ్మ నెత్తి మీద గొడుగు లెక్కనే ఉంటది. నర్సరీ కుండీల పక్కకు, తేమ గోడలకు సన్న సన్న ఆకులతోని దానంతటదే మొలిచే మొక్క ఒకటుంటది చూడుండ్రి, అడిగితే ఉత్తగనే ఇస్తరు, నాచు జాగల అదే సరిపోతది. ఇంకోటి, పిల్లలకు మస్తు ఇష్టం, ఒక మూలకు పిడికెడు రాగులు చల్లితే వారంల పచ్చటి చేను లేస్తది, ముదిరినాక పీకి మల్ల చల్లుకోవచ్చు.

నీళ్ళ సంగతి గీ దిక్కు ప్రత్యేకంగ చెప్పాలె. నల్గొండ బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ గురించి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు, మర్రిగూడ, మునుగోడు దిక్కు ఎంతమంది బొక్కలు వంగిపోయినయో చూసినం, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పడ్డది. తాగే నీళ్ళల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. మనుషులకే కాదు, కొన్ని మొక్కలకు గూడ అది పడది, స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, లక్కీ బ్యాంబూ, వీటి ఆకు కొనలు ఎండి గోధుమ రంగుకు వస్తయి, మనమేమో నీళ్ళు తక్కువైనయని ఇంకిన్ని పోస్తం, అదే నీళ్ళు. కాబట్టి బోరు నీళ్ళే ఉన్నోళ్ళు ఆ మూడు మొక్కలు పెట్టకుండ్రి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువుల గూడ ఫ్లోరైడ్ ఉంటది, చిన్న గోలెంకు దాని అవసరమే లేదు. మిషన్ భగీరథ పథకం కింద కృష్ణ నీళ్ళు వచ్చేటోళ్ళకు ఈ తిప్పలు లేదు. వాన నీళ్ళు పట్టి పెట్టుకుంటే అన్నింటికంటే మంచిది, ఏసీ నీళ్ళు గూడ పొయ్యొచ్చు, వాటిల ఉప్పు ఉండది. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు, వేస్ట్ పోతున్నయని పాపం చాలామంది మొక్కలకే పోస్తరు, ఉప్పు, ఫ్లోరైడ్ అన్నీ దాంట్లనే చిక్కగ ఉంటయి, గోలెం మీద తెల్లటి పొక్కు కడితే అర్థం చేస్కోవాలె.

ఇగ బొమ్మలు. ఆన్‌లైన్‌ల వచ్చే రెసిన్ బొమ్మలు వానకు కరగవు, ముద్దుగ ఉంటయి, కానీ ఒక ఎండకాలం పోయేసరికి రంగు వెలిసిపోతది. నిర్మల్ బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు మస్తు అందం, బయట మాత్రం పెట్టకుండ్రి, తేలిక కట్టె, నీళ్ళు తగిలితే పాడైతయి, చెదలు పడ్తయి. చేర్యాల బొమ్మలు రంపపు పొట్టు, చింతగింజల అంబలితోని చేస్తరు, ఒక్క వానకు ఆగయి. చెదలు అంటే ఉట్టిగ అనుకోవద్దు, పాలమూరు పిల్లలమర్రికే పట్టినయి, 2018ల ఆ మర్రి కొమ్మలకు సెలైన్ బాటిళ్ళు కట్టి చుక్క చుక్క మందు ఎక్కించిండ్రు, అంత పెద్ద చెట్టుకే గట్లయితే మనం పెట్టే అంగుళమంత కట్టె గుడిసె ఎంత.

నాకైతే కుమ్మరోళ్ళ దగ్గరి మట్టి సామానే మేలు. చిన్న గురిగి బోర్లిస్తే గుడిసె, దీపంత నీళ్ళ తొట్టి, గూన పెంకు ముక్క ఇంటి కప్పు, షాబాద్ బండ ముక్కలు బాట. రంగు పోయే పనే లేదు, పగిలితే పెంకు అయినా పనికొస్తది. దాంట్ల మన బతుకు గూడ పెట్టొచ్చు, రెక్కల ఫెయిరీ ఒకతి ఉండనీ, పక్కకు ఎడ్లబండి, బావి, ఇసుర్రాయి, పండుగ దినాలల్ల గునుగు, తంగేడు రెక్కలతోని బొటనేలంత బతుకమ్మ. పిల్లలు ఆ బతుకమ్మ పేర్చేటప్పుడు చూడాలె వాళ్ళ మొఖాలు, కొన్న బొమ్మతోని ఆ సంబురం రాదు.

కొలను కావాలని అందరూ అడుగుతరు. నిజం నీళ్ళు పెడితే పిట్టలొచ్చి తాగుతయి, మంచిదే, కానీ మన వేడికి వారం పదిరోజులల్ల గుడ్డు దోమ అయితది, అందుకే రెండు మూడు దినాలకోసారి పారబోసి తోమి నింపాలె. గట్ల చేసే ఓపిక లేకుంటే నీలం గాజు రాళ్ళు పరచుండ్రి, అదే కొలను, కాకపోతే నోట్ల పెట్టుకునే వయసు పిల్లలుంటే అది గూడ వద్దు, నీలం రంగేసిన పెంకు ముక్క ఒకటి పాతండ్రి సాలు.

ఎప్పుడు మొదలు పెట్టాలె అంటే మృగశిరకు పెడ్తమంటరు చాలామంది, నేను దసరా దాటినాకనే అంట. వానాకాలం ఎలిఫెంట్ బుష్ అసొంటియి నీళ్ళు ఎక్కువై కుళ్ళుతయి, పేర్చిన మట్టి జారుతది. దసరా తర్వాత పెడితే సలికాలమంతా వేర్లు పట్టుకుంటయి, మార్చి వచ్చేసరికి మొక్క నిలదొక్కుకుంటది, ఏప్రిల్‌ల గోలెం పూర్తి నీడకు జరిపి మీద పాత చీర ముక్కో గ్రీన్ నెట్టో కడితే మే నెల గడిచిపోతది.