12 బోర్ గన్‌కి ఏ బట్ నప్పుతుంది: డ్యూటీకి, పోటీకి రకాల వారీగా మా రివ్యూ

బట్ అన్నా, మడమ అన్నా, స్టాక్ అన్నా ఒకటే. గొట్టం పొడవు గురించి, కంపెనీ పేరు గురించి గంటసేపు బేరమాడే వాళ్లు కూడా దీన్ని చివర్లో చూస్తారు. 12 బోర్ లాంటి మామూలు షాట్‌గన్‌కి వెనక సైట్ (గురి చూసే గుర్తు) ఉండదు, ఆ పని కన్ను చేయాలి. కన్ను ప్రతిసారీ ఒకే చోట నిలవాలంటే చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి. ఆ చోటుని ఖాయం చేసేది బట్టే.

ఆకారం కన్నా ముందు పొడవు చూడండి. ట్రిగ్గర్ ముందు అంచు నుంచి బట్ వెనక భాగం నడిమధ్యకు టేపు పెట్టి కొలవాలి. రెండు ట్రిగ్గర్లున్న డబుల్ బ్యారెల్‌కైతే ముందు ట్రిగ్గర్ నుంచి. అమెరికా పంప్ గన్లు (గొట్టం కింది పిడిని వెనక్కి లాగి తూటా మార్చేవి) ఫ్యాక్టరీ నుంచి 14 అంగుళాల దగ్గర వస్తాయి. నెల్లూరు, ఒంగోలు బ్యాంకుల ముందు నిలబడే గన్‌మన్లలో ఐదడుగుల ఐదారంగుళాల మనిషికి 13 నుంచి 13½ చాలు. లోపల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకునే వాళ్లు దాని మందం కూడా తీసేయాలి, అంటే ఇంకో అర అంగుళం నుంచి అంగుళం దాకా తగ్గుతుంది.

మోచేతి మడతలో బట్ పెట్టి, వేలు ట్రిగ్గర్‌కి అందిందా అని చూసే పద్ధతి ఉజ్జాయింపుకే పనికొస్తుంది. గన్ ఖాళీ చేసి, చాంబర్ (తూటా పేలే గది), మ్యాగజైన్ ట్యూబ్ (తూటాలు నిలవుండే గొట్టం) రెండూ వేలితో తడిమి చూసుకుని, భుజానికి ఎత్తండి. ముక్కుకీ బొటనవేలి కణుపుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే సరిపోయినట్టే. సందు లేకపోతే పేలినప్పుడు బొటనవేలు ముక్కుకి తగులుతుంది. సందు మరీ ఎక్కువైతే బట్ చంకలో చొక్కాకి తట్టుకుని, భుజం గుంటలోకి రాకుండా కండ మీద కూర్చుంటుంది. పంప్ గన్‌తో ఇంకో తిప్పలుంది. ఎడమ చెయ్యి బాగా ముందుకు చాచాల్సి రావడంతో పంప్‌ని చివరిదాకా వెనక్కి లాగలేరు, ఖాళీ తూటా బయటికి రాదు. గన్ పాడైందని రిపేరుకి తెచ్చే కేసుల్లో ఇదీ ఒకటి. గన్‌కేమీ కాలేదు, బట్ అంగుళం ఎక్కువ, అంతే.

ఇక రకాలు. మన దగ్గర లైసెన్సు గన్లలో ఎక్కువ డబుల్ బ్యారెల్ కాబట్టి ముందు దాని సంగతి. తిన్నగా ఉండే ఇంగ్లీషు బట్ పాతకాలపు వస్తువులా కనిపిస్తుంది గానీ, రెండు ట్రిగ్గర్ల గన్‌కి దాన్ని మించింది లేదు. ముందు ట్రిగ్గర్ నొక్కాక చెయ్యి కొంచెం వెనక్కి జారాలి, తిన్నని మెడ (చెయ్యి పట్టే సన్నటి భాగం) మీద అది సులువు. కొంచెం వంపున్న సెమీ పిస్టల్ గ్రిప్ కూడా ఫరవాలేదు. నిటారు పిస్టల్ గ్రిప్ మాత్రం వద్దు. చెయ్యి జారదు, పైగా సేఫ్టీ మీట తోక (మెడ పైకి సాగే ఇనుప పట్టీ) మీద ఉంటుంది కాబట్టి బొటనవేలు అక్కడిదాకా అందదు.

మాస్‌బర్గ్ 500, 590 గన్లకూ సేఫ్టీ పైనే, అదే చిక్కు. రెమింగ్టన్ 870కి సేఫ్టీ ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది కాబట్టి దానికి పిస్టల్ గ్రిప్ బట్ బాగానే నప్పుతుంది. తలుపు తీసేటప్పుడు, తూటాలు నింపేటప్పుడు ఒంటిచేత్తో గన్ నిలబెట్టుకోవచ్చు. డ్యూటీకి అది చిన్న లాభమేం కాదు. పిస్టల్ గ్రిప్ బట్‌కి 870 మీద 5లో 4, మాస్‌బర్గ్ మీద 2 ఇస్తాం.

డబ్బు పెట్టగలిగితే మాగ్‌పుల్ కంపెనీ ఎస్‌జీఏ బట్. మధ్యలో ముక్కలు వేసి తీసి పొడవుని 12½ నుంచి 14½ అంగుళాల దాకా అర అంగుళం చొప్పున మార్చుకోవచ్చు. ఒకే గన్‌ని పొట్టి మనిషి, పొడుగు మనిషి షిఫ్టుల్లో వాడే చోట ఇంతకన్నా మంచిది కనపడలేదు. మెడ వంపు మామూలు బట్‌కీ పిస్టల్ గ్రిప్‌కీ మధ్యస్థంగా ఉంటుంది, మాస్‌బర్గ్ సేఫ్టీ కూడా అందుతుంది. లోపాలూ ఉన్నాయి. చెంప ఎత్తు పెంచే ముక్కలు విడిగా కొనాలి. ఒక్కో మోడల్ గన్‌కి ఒక్కో రకం బట్, 870ది మాస్‌బర్గ్‌కి ఎక్కదు. ‘పంప్ గన్‌దేగా’ అని తెప్పించుకుంటే డబ్బు దండగ. 5లో 4½.

మడిచే బట్ ఇనుప చువ్వ చెంప ఎముకకి కొడుతుంది, పది తూటాలు దాటాక ఎవరూ మనసారా చెంప ఆనించరు. బట్ లేకుండా ఒట్టి పిడితో వచ్చేదైతే క్యాష్ వ్యానులో కూర్చోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఎస్జీ (పెద్ద గుళ్ల) తూటాతో మణికట్టు గుంజుతుంది, చెంప ఆనదు, గురి ఉండదు. సున్నా.

పోటీ లెక్క వేరు. క్లే టార్గెట్లకి (గాల్లోకి విసిరే పళ్లేలని కాల్చే పోటీలకి) ఇక్కడి వాళ్లు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న రేంజికి వెళ్లొచ్చు. ట్రాప్ అనే పోటీలో పళ్లెం పైకి లేస్తూ దూరంగా పోతుంది, షూటర్ ముందే గన్ భుజాన పెట్టుకుని పళ్లెం వదలమని పిలుస్తాడు. అందుకే చెంప ఆనే అంచు ఎత్తుగా ఉండి, గుళ్లు గురికి కొంచెం పైన పడేలా బట్ ఉండాలి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల స్కీట్ పోటీలో పళ్లెం కనిపించేదాకా బట్ నడుము దగ్గరే ఉండాలి, అప్పుడే పైకెత్తాలి. కాబట్టి వెనక ప్యాడ్ పైఅంచు గుండ్రంగా, నున్నగా ఉండాలి. మెత్తటి జిగురు రబ్బరైతే జాకెట్‌కి పట్టుకుంటుంది. ఈ రెండు పోటీల్లోనూ తూటాలో సీసం 24 గ్రాములు దాటకూడదు, కాబట్టి దెబ్బ తగ్గించడం కోసం బట్‌లో బరువులు, స్ప్రింగులు కూరక్కర్లేదు. చెంప అంచు కదిలే బట్ ఒకటి కొనుక్కుంటే డబ్బుకి న్యాయం. సర్దేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి: 16 గజాల దూరంలో కాగితం మీద గుళ్లు పడే చోటు 1 అంగుళం ఎత్తు మారాలంటే చెంప అంచుని అంగుళంలో 16వ వంతు కదపాలి. అంతకుమించి ఒకేసారి తిప్పేస్తే ఎక్కడున్నామో తెలియదు.

చెక్కా, ప్లాస్టిక్కా? మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో డ్యూటీ చేసే గన్‌కి ప్లాస్టిక్కే. వాల్‌నట్ బట్ వానాకాలం ఉబ్బి, రోహిణి కార్తెలో ఎండి కుంచించుకుని, తోక వెనక సన్నటి చీలిక ఇస్తుంది. ఇంకో శత్రువు గన్ ఆయిల్. ధారాళంగా పోసి గన్‌ని నిలువుగా పెడితే నూనె కిందికి దిగి చెక్క మెడలో ఇంకుతుంది, అక్కడ నల్లబడి మెత్తబడుతుంది. గొట్టం మూతి కిందికి ఉండేలా పెట్టండి. చెక్కకి ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె పలచగా రుద్దితే చాలు. రబ్బరు ప్యాడ్ మన ఎండలకి జిగటగా మారితే తుడవడం వృథా, మార్చేయండి.

ఉదయగిరిలో గరిటెలు చెక్కే చేతులకి బట్ చెక్కడం కష్టమేం కాదు. అయినా ఆయుధం రిపేరు లైసెన్సున్న చోటే చేయించాలి. గొట్టం కోయడమైతే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా నేరం. మెడ దగ్గర చెక్క నార పొడవునా సాగాలి, అడ్డనార ఉంటే తిరస్కరించండి. పొడవు తగ్గించేటప్పుడు ప్యాడ్ మందం లెక్కలో కలపడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. 13¼ కావాలి, ప్యాడ్ అంగుళం, అంటే చెక్క 12¼ దగ్గర తెగాలి. రంపం పళ్లు తినేది కోసి పారేసే వైపు పడాలి. కోసే చోట టేపు చుట్టి, సన్న పళ్ల రంపంతో కోస్తే అంచు పగలదు. పాత కోణం ముందే అట్టముక్క మీద గీసుకోండి. కోణం తప్పితే బట్ కింది కొన ఛాతీలో గుచ్చుకుంటుంది. లోపలి బోల్టు వదులైతే ప్రతి పేలుడికీ చెక్కని సుత్తితో కొట్టినట్టు చీలుస్తుంది, బలంగా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. కొత్త బట్ వేశాక 25 తూటాలు కాల్చి మళ్లీ స్పానర్ పెట్టి చూడండి, దాదాపు ప్రతిసారీ పావు చుట్టు పడుతుంది.