అడుగులు మీటర్లైన మిద్దె: గేమ్ మ్యాపులు చేయించుకునేవారు జాగ్రత్త

కడప జిల్లాలో మా తాతగారి మిద్దె ఇల్లు త్వరలో కూలగొడుతున్నారు. అది పోయేలోగా గేమ్ మ్యాపుగా, అంటే కంప్యూటర్ గేములో తిరగగలిగే చోటుగా చేయిస్తే పిల్లలు అందులోనైనా దాగుడుమూతలు ఆడుకుంటారనిపించింది. రెండు రోజులు టేపు పట్టుకుని కొలిచాను. పడసాల వెడల్పు 12 అడుగులు, కప్పు ఎత్తు 10 అడుగులు, పెరటి వైపు రాతి మెట్లు 15, ఒక్కోటి 9 అంగుళాల ఎత్తు. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక డిజైనరుకు కొలతల కాగితంతో పాటు 9,000 రూపాయలూ ముందే పంపేశాను. తొందరపాటు నాదే.

అతను చూపించిన ఫొటోలన్నీ వీధి గుమ్మం వైపువి. ముచ్చటగా ఉన్నాయి. మ్యాపు తెరిచి పెరట్లోకి వెళితే మెట్లు మిద్దెను దాటి ఆకాశంలో ఆగాయి. బొమ్మ మనిషి మొదటి మెట్టే ఎక్కలేకపోయాడు. ఎనభయ్యో ఏట కూడా మా తాత చేతికర్ర లేకుండా ఎక్కిన మెట్లవి! పడసాలలో అడ్డంగా ఆరు కడప బండలు ఉండాలి, రెండడుగులవి. మ్యాపులో రెండు కూడా పూర్తిగా పట్టలేదు.

కొలిచి చూస్తే సంగతి తెలిసింది. గోడలకు అడుగులను సరిగ్గానే మీటర్లలోకి మార్చాడు. మెట్లకూ బండలకూ మాత్రం అడుగుల అంకెనే మీటర్లుగా వేశాడు. 9 అంగుళాలంటే ముప్పావు అడుగు, అది ముప్పావు మీటరైంది. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్‌లో ప్రత్యేకంగా మార్చకపోతే పాత్ర 45 సెంటీమీటర్ల మెట్టు వరకే నడిచి ఎక్కుతుంది. 75 సెంటీమీటర్లంటే దానికి గోడ కిందే లెక్క.

అడిగితే "స్కేలు ఒక్క అంకె మార్చుకుంటే సరిపోతుంది" అన్నాడు. ఈ మాటకు మోసపోకండి. మ్యాపంతా ఒకే లెక్కన తప్పితే అది నిజమే. మీటరుకు 3.28 అడుగులు కాబట్టి 3.28తో మొత్తాన్ని భాగించాను. మెట్లు కుదిరాయి, కప్పు మాత్రం 93 సెంటీమీటర్లకు దిగి నడుముకు తగిలింది. ఆ తర్వాత అతను ఫోను ఎత్తలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను.

మీరు చేయిస్తే ఏ ఇంజిన్‌కో, ఏ కొలమానమో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అన్‌రియల్‌లో ఒక యూనిట్ ఒక సెంటీమీటరు, యూనిటీ అనే మరో ఇంజిన్‌లో ఒక మీటరు. సోర్స్ ఇంజిన్‌లోనైతే కట్టడాలకు అడుగుకు 16 యూనిట్లు లెక్కిస్తారు. మొదట ఒక గది, నాలుగు మెట్లు మాత్రమే చేయించి, పక్కన మనిషి ఎత్తుకు గుర్తుగా 180 సెంటీమీటర్ల దిమ్మె నిలబెట్టి చూడండి. మెట్లు నడిచి ఎక్కండి, గుమ్మాలు దాటండి, నేల బండలు లెక్కపెట్టండి. సగం డబ్బు అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి. అసలు బ్లెండర్ (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) ఫైలు కూడా ఇస్తానని ఒప్పుకుంటేనే పని అప్పగించండి. నాకు అది ఇవ్వలేదు. అందుకే ఇప్పుడు మెట్లు ఒక్కొక్కటిగా తీసేసి కొత్తవి పెడుతున్నాను. పదిహేనింట్లో పదకొండు అయ్యాయి.