లండన్ నుంచి పారిస్: గంటా ఇరవై నిమిషాల విమానాన్ని నమ్మొద్దు

లండన్, పారిస్‌ల మధ్య గీత గీస్తే 344 కిలోమీటర్లు. టికెట్ సైట్లలో విమానం గంటా ఇరవై నిమిషాలని కనిపించగానే, లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు చాలామంది విమానమే బుక్ చేసేస్తారు. పెద్దవాళ్లకు ఆ రోజంతా క్యూలలోనే గడిచిపోతుంది.

ఆ సమయం గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా మాత్రమే. గాలిలో ఉండేది గంట లోపే, మిగతాది రన్‌వే దాకా పాకడానికీ వంతు కోసం ఆగడానికీ పోతుంది. ఇంకా సెంట్రల్ లండన్ నుంచి హీత్రూ విమానాశ్రయానికి పికడిలీ లైన్ మెట్రోలో దాదాపు గంట. విమానానికి రెండు గంటల ముందు చేరాలి. పారిస్ విమానాశ్రయం షార్ల్ ద గోల్‌లో దిగాక ఇమిగ్రేషన్, సామాను కలిపి ముప్పావు గంట తక్కువ కాదు. అక్కణ్ణుంచి ఊళ్లోకి ఆర్‌ఈఆర్ బీ రైలు మరో అరగంట పైనే. మొత్తం ఆరు గంటలు! 2025లో ఆ రైలు టికెట్టే మనిషికి 13 యూరోలు. చౌక విమానమైతే పెట్టెకి విడిగా కట్టాలి.

పారిస్ గడియారం గంట ముందుంటుందని మరవకండి. 9కి బయల్దేరితే టికెట్‌లో 10:20 బదులు 11:20 ఉంటుంది. తిరుగు ప్రయాణంలో 9కి ఎక్కి 9:20కే దిగినట్టు కనబడుతుంది.

నా ఓటు యూరోస్టార్ రైలుకే. లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి పారిస్‌లోని గార్ ద్యు నోర్ స్టేషన్‌కి సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలు, దిగేది ఊరి నడిబొడ్డున. ఫ్రాన్స్ ఇమిగ్రేషన్ లండన్‌లోనే అయిపోతుంది కాబట్టి పారిస్‌లో నేరుగా బయటికి నడవడమే. అయితే గేట్లు అరగంట ముందే మూసేస్తారు. 2025 అక్టోబరు నుంచి షెన్‌గెన్ (ఫ్రాన్స్ సహా యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) సరిహద్దులో వేలిముద్రల పద్ధతి మొదలైంది, అందుకని గంటన్నర ముందే చేరండి. బ్రిటన్ వీసా ఫ్రాన్స్‌లో చెల్లదు, షెన్‌గెన్ వీసా వేరే తీసుకోవాలి.

యూరోస్టార్ టికెట్ 39 పౌండ్ల నుంచి మొదలవుతుంది, కానీ ఆ ధర నెలల ముందు కొన్నవాళ్లకే. చివరి వారంలో వారాంతానికి కొంటే నూట యాభై దాటడం మామూలే. కొనడం ఆలస్యమైతే అప్పుడు విమానం ధర చూడండి. హౌన్‌స్లో, స్లౌ వైపు ఉండేవాళ్లకి హీత్రూ పక్కనే కనుక వాళ్లకూ విమానం నయం. ల్యూటన్ విమానాశ్రయం నుంచి వెళ్లే విమానం మాత్రం నాకు అర్థం లేనిదే: అక్కడికి రైలు ఎక్కేదీ సెయింట్ పాంక్రస్‌లోనే కదా!

యూరోస్టార్‌లో మామూలు టికెట్‌కి 85 సెంటీమీటర్ల లోపు పెట్టెలు రెండు, చేతిసంచి ఒకటి. తూకం వేయరు, మోయగలిగితే చాలు. 100 మిల్లీలీటర్ల నియమమూ లేదు, ఆవకాయ సీసా హాయిగా పెట్టుకోవచ్చు. పెరుగన్నం, నెయ్యి, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు: బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. దారికి పులిహోర కట్టుకోండి.