డబ్బు తీసుకుని మిక్స్ ఫీడ్‌బ్యాక్ ఇస్తామనేవాళ్లతో జాగ్రత్త: ఇంట్లో హెవీ రాక్ రికార్డ్ చేసేవాళ్లు చదవండి

ఇంట్లోనే పాట రికార్డ్ చేసుకుని, మిక్స్ (గొంతునూ వాయిద్యాలనూ సరైన పాళ్లలో కలపడం) ఎలా కుదిరిందో ఎవరితోనైనా చెప్పించుకుందామని డబ్బు కట్టబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా మన అనంతపురం, కర్నూలు, కడప వైపు హెవీ రాక్, మెటల్ చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకసారి పూర్తిగా చదవండి. "అనుభవం ఉన్న ఇంజినీర్లు మీ పాట మొత్తం విని రిపోర్ట్ రాసిస్తారు" అని ఫోన్‌లో యాడ్స్ వేసే ఒక సర్వీసుకు 1,499 రూపాయలు కట్టాను. వాళ్లు నా పాట వినలేదు. కోపం కొద్దీ అంటున్న మాట కాదు, రుజువులు నా దగ్గరున్నాయి.

మన ఊళ్లో పెళ్లిళ్లకు, ఆర్కెస్ట్రాలకు, భజనలకు సౌండ్ పెట్టేవాళ్లకు కొదవ లేదు. రెండు పక్కలా డిస్టార్షన్ గిటార్లు మోగుతుంటే మధ్యలో బేస్ గిటార్‌నీ, కాలితో కొట్టే కిక్ డ్రమ్‌నీ ఎలా నిలబెట్టాలో కూర్చుని మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. ఈ సంగీతం లైవ్‌లో వినాలంటే బెంగళూరు బస్సెక్కాలి. 2011 అక్టోబర్‌లో అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. సొంత మిక్స్‌ని రోజూ వింటూ ఉంటే చెవులు దానికి అలవాటు పడిపోతాయి, తప్పేదో ఒప్పేదో తెలియదు. అందుకే బయటి మనిషి చెవి కావాలి. ఆ అవసరాన్నే వీళ్లు సొమ్ము చేసుకుంటున్నారు.

నేను పంపిందేమిటో ముందు చెప్తాను. రిథమ్ గిటార్ రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకు, ఇంకొకటి పూర్తిగా కుడికి పెట్టాను. గిటార్లూ బేసూ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి (వాయిద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె), అక్కడి నుంచి యాంప్ సిమ్యులేటర్‌లోకి (గిటార్ యాంప్ శబ్దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్). డ్రమ్స్ మొత్తం కంప్యూటర్లో ప్రోగ్రామింగే, ఒక్క మైకు కూడా లేదు. గొంతు ఒక్కటే మా హాల్లో ఫ్యాన్ ఆపేసి మైకుతో రికార్డ్ చేసింది. పాట నిడివి 3:52. 24 బిట్ వేవ్ ఫైల్, పీక్ (అన్నిటికంటే గట్టిగా ఉన్న చోటు) మైనస్ 6 డీబీ (డెసిబెల్) దాటకుండా. ఈ వివరాలన్నీ వాళ్ల ఫారంలోనే అడిగారు, అన్నీ నింపి పంపాను.

వచ్చిన పీడీఎఫ్‌లో మొదటి సలహా: "కిక్ డ్రమ్ మైకును ఇంకో రెండు అంగుళాలు లోపలికి జరపండి." లేని మైకును ఎక్కడికి జరపాలి? దాని కింద, "అకౌస్టిక్ గిటార్ టోన్ చాలా సహజంగా ఉంది" అని మెచ్చుకోలు. పాటలో అకౌస్టిక్ గిటార్ ఎక్కడా లేదు. మూడోది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. "4:20 దగ్గర సోలో వాల్యూమ్ కొంచెం తగ్గించండి" అట. 3:52కే అయిపోయే పాటలో! మిగతాదంతా "లో ఎండ్ టైట్ చేయండి", "మిడ్స్‌లో క్లారిటీ పెంచండి" లాంటివి. ఏ పాటకు రాసినా చెల్లే మాటలు.

కర్నూలులో ఒక స్నేహితుడు కూడా వీళ్లకే పంపాడని తర్వాత తెలిసింది. ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన తెరిచి చూశాం. పాట పేరు, కళాకారుడి పేరు తప్ప వాక్యాలన్నీ అవే. వాడిది నెమ్మదైన, పియానో ఉన్న పాట. వాడి రిపోర్టులోనూ 4:20 సోలో ఉంది.

అసలు మోసం దీని తర్వాత ఉంది. రిపోర్ట్ చివర "ఈ మిక్స్ ఇలాగే విడుదల చేస్తే నష్టపోతారు, మా మాస్టరింగ్ ప్యాకేజీ 6,500 మాత్రమే" అని రాసి (మాస్టరింగ్ అంటే విడుదలకు ముందు పాట మొత్తానికి పెట్టే చివరి మెరుగు), నా పాటలోంచి అర నిమిషం ముక్కను "మాస్టర్ చేసిన శాంపిల్" అంటూ జత చేశారు. వింటే నిజంగానే బాగున్నట్టు అనిపిస్తుంది. బేస్ నిండుగా, సింబల్స్ మెరుస్తూ ఉంటాయి. ఎందుకంటే శబ్దం పెరిగేకొద్దీ మన చెవికి అడుగు, పై ఫ్రీక్వెన్సీలు ఇంకా బాగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు.

అందుకని నా పాటలోని అదే ముక్కనూ వాళ్ల శాంపిల్‌నూ రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రాకుల మీద పెట్టి, మొదలు కచ్చితంగా కలిపి, వాళ్ల ఫైలును 5 డీబీ తగ్గించి, ఒకదాని పోలారిటీ తిప్పాను, అంటే దాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేశాను. రెండు ఫైళ్లూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫ్రీక్వెన్సీల పాళ్లు మార్చే ఈక్యూ గానీ, శబ్దం హెచ్చుతగ్గులను అదిమే కంప్రెసర్, లిమిటర్ గానీ పనిచేసి ఉంటే ఆ తేడా వినిపించి తీరాలి. ప్లే నొక్కితే మీటర్ కదల్లేదు, స్పీకర్లో చడీచప్పుడు లేదు. అంటే వాళ్లు చేసిన మాస్టరింగ్ అంతా వాల్యూమ్ 5 డీబీ పెంచడమే. నేను పైన ఖాళీ (హెడ్‌రూమ్) వదిలి పంపాను కాబట్టి శబ్దం పగలకుండా సరిపోయింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఎవరు శాంపిల్ పంపినా చేసి చూడండి.

మాస్టరింగ్‌తో గట్టిగా వినిపిస్తుందని ఆశ పెట్టేవాళ్లకు ఇంకో మాట. స్పాటిఫైలో మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 లఫ్స్‌కు (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెచ్చే వినిపిస్తారు. మీరు ఇంకా గట్టిగా, మైనస్ 8కి నొక్కి పంపితే అక్కడ 6 డీబీ తగ్గిస్తారు.

డబ్బు వెనక్కి అడిగితే "డిజిటల్ సర్వీస్, రీఫండ్ లేదు" అన్నారు. 4:20 సంగతి అడిగాక జవాబివ్వడం మానేశారు. యూపీఐలో డబ్బు వెళ్లింది కూడా ఆ సర్వీసు పేరు మీద కాదు, ఎవరో వ్యక్తి ఖాతాకు.

నిజంగా వినే మనిషి ఎలా చెప్తాడో కూడా తెలియాలి కదా. ఇక్కడే ఫంక్షన్లకు సౌండ్ పెట్టే ఒకాయన దగ్గరికి పాట పట్టుకెళ్లాను. మెటల్ ఆయనకు అలవాటు లేదు. కారులో సగం విని ఆపేశాడు.

"ఏమప్పా, బేస్ గిటార్ ఉందా ఇందులో?"

"ఉందన్నా."

"కనపడ్లేదే. నీ గిటార్లు రెండూ దాని మీద కూర్చున్నాయి. పాడేది బండల ఇంట్లోనా? గొంతు కంగుమంటోంది."

మా హాలు నేల తాడిపత్రి బండలు, పైన స్లాబ్, గోడలు ఖాళీ. ఆయనకు అదంతా గొంతులోనే వినిపించింది. ఇంటికొచ్చి గిటార్లకు 90 హెర్ట్జ్ కింది శబ్దం కోసి, 250 హెర్ట్జ్ ప్రాంతంలో మూడు డీబీ తగ్గిస్తే బేస్ లేచి నిలబడింది. మంచం మీది పరుపు తీసి గోడకు నిలబెట్టి, కింద దుప్పట్లు పరిచి మళ్లీ పాడితే ఆ కంగుమనడం చాలావరకు పోయింది. ఆయన రూపాయి తీసుకోలేదు, టీ ఒక్కటి తాగాడు.

ఇదంతా చదివాక కూడా డబ్బిచ్చి ఫీడ్‌బ్యాక్ తీసుకోవాలనుకుంటే తీసుకోండి. మంచి ఇంజినీర్లు ఉన్నారు, వాళ్ల సమయానికి విలువ ఇవ్వాల్సిందే. కట్టే ముందు మాత్రం వినేది ఎవరో పేరు అడగండి, ఆయన మిక్స్ చేసిన హెవీ పాటలు రెండు వినండి. ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చిన రిపోర్ట్ ఒకటి, పేరు తీసేసైనా చూపించమనండి. అందులో "1:14 దగ్గర కోరస్ మొదలవగానే స్నేర్ డ్రమ్ మునిగిపోతోంది" లాంటి మాట ఒక్కటి కూడా లేకపోతే కట్టకండి. మీ పాట ముక్కను వాళ్లు ప్రచారానికి వాడుకోవచ్చనే షరతు ఉందేమో కూడా చూడండి. వీళ్ల షరతుల్లో అది ఉంది, చిన్న అక్షరాల్లో.

ఇప్పటికే కట్టినవాళ్లు చాట్, రిపోర్ట్, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అక్కడ తెగకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, వాళ్ల ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. 4:20 సోలో ఉన్న రిపోర్ట్ మీ దగ్గర కూడా ఉంటే నాకు మెసేజ్ చేయండి. కర్నూలు స్నేహితుడిదీ నాదీ కలిపి పెడుతున్నాం, మీదీ జతచేస్తాం.